ఆరని రాయి, కాలని నార

జహీరాబాద్‌లో ఇల్లు వేసుకోవాలనుకునేవాళ్ల ముందు మొదట నిలిచే ప్రశ్న స్లాబా, రేకులా అని. రేకులే అనుకుంటే ఇనుపవా, సిమెంటువా అన్నది తర్వాతి ప్రశ్న. ఈ సిమెంటు రేకులకు కాగితాల మీద ఇంకో పేరు ఉంటుంది. ఏసీ షీటు అని రాస్తారు. ఏసీ అంటే ఆస్బెస్టాస్ సిమెంటు. పట్నం నుంచి ముంబై వైపు పోయే 65వ నంబరు జాతీయ రహదారి వెంట, సనత్‌నగర్ దాటిన దగ్గర్నుంచి కర్ణాటక సరిహద్దు దాకా, పశువుల కొట్టం మీద, హోటల్ మీద, చెరుకు రైతు పంపు గది మీద, కిరాయి గదుల వరుసల మీద ఈ బూడిదరంగు అలల రేకులే కనిపిస్తాయి. ఇంతమంది తల మీద ఉన్న వస్తువు పేరుకు అర్థం ఏమిటో, ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవడం పండితుల పని మాత్రమే కాదు. ఈ రాయి విషయంలో పేరు తెలిస్తే వస్తువు సంగతి కూడా సగం తెలుస్తుంది.

ముందుగా ఒక మాట. జహీరాబాద్ నేలలో ఈ రాయి దొరకదు. ఇక్కడ నల్లరేగడి కింద నల్లరాయి ఉంటుంది, మెరక మీద లాటరైట్ అని భూగర్భ శాస్త్రవేత్తలు పిలిచే ఎర్రరాయి ఉంటుంది. ఆస్బెస్టాస్ మరోచోట పుట్టి, ఫ్యాక్టరీలో సిమెంటుతో కలిసి, లారీ ఎక్కి ఇక్కడికి వచ్చింది. పేరు ఇంకా దూరం నుంచి వచ్చింది.

అది గ్రీకు మాట. గ్రీకులో ‘స్బెస్టాస్’ అంటే ఆర్పినది, చల్లార్చినది. ముందు ‘అ’ చేరితే ఆర్పనిది, ఆరనిది అవుతుంది. ఈ ‘అ’ మనకు కొత్తది కాదు. అచలం, అక్షయం, అమరం అనే సంస్కృత పదాల మొదట ఉన్నది కూడా ఇదే. గ్రీకు, సంస్కృతం ఒకే భాషా కుటుంబం కాబట్టి, కాదు అని చెప్పే ఈ అక్షరం రెండింటికీ ఉమ్మడి సొత్తు.

అయితే ఇక్కడే చిక్కు ఉంది. ఆరనిది అంటే ఒకసారి అంటుకున్నాక మండుతూనే ఉండేది. ఈ రాయి అలాంటిది కాదు, అసలు అంటుకోనే అంటుకోదు. ఆరకపోవడం వేరు, కాలకపోవడం వేరు. ఒకటి రెండోదానికి పూర్తిగా ఎదురు. మండని రాయికి ఆరని రాయి అనే పేరు ఎలా తగులుకుంది?

గ్రీకులు ఆ మాటను మొదట వాడింది సున్నానికి. సున్నపురాళ్లను బట్టీలో కాలిస్తే పొడిసున్నం వస్తుంది. దాని మీద నీళ్లు పోస్తే సలసల ఉడికి, పొగలు కక్కి, చివరికి తడిసున్నం అవుతుంది. మన మేస్త్రీలు కూడా దీన్ని సున్నం చల్లార్చడం అనే అంటారు. ఇంకా చల్లార్చని సున్నం లోపల మంట దాచుకుని ఉన్నట్టే లెక్క, అందుకే గ్రీకులకు అది ‘ఆస్బెస్టాస్’. క్రీ.శ. మొదటి శతాబ్దపు వైద్యుడు డియోస్కోరిడీస్ తన మందుల గ్రంథంలో ఆ పేరుతో చెప్పింది సున్నాన్నే. ఈనాటి గ్రీకులో కూడా ‘అస్వెస్టిస్’ అంటే గోడలకు వేసే సున్నమే.

నిప్పులో వేసినా చెక్కుచెదరని నార రాయికి డియోస్కోరిడీస్ ఇచ్చిన పేరు వేరు: ‘అమియాంటోస్’. మలినం కానిది అని అర్థం. మళ్లీ అదే ‘అ’. సైప్రస్ దీవిలో దొరికే ఈ రాయి నుంచి బట్ట నేస్తారని, నిప్పులో వేస్తే అది కాలదు సరికదా ఇంకా మెరుస్తూ బయటికి వస్తుందని ఆయన రాశాడు. బట్టకు పట్టిన జిడ్డు, మురికి నిప్పులో కాలిపోతాయి, నార మాత్రం మిగులుతుంది. ఆ గుణాన్ని బట్టి చూస్తే ‘మలినం కానిది’ అన్నది సరిగ్గా అమరిన పేరు. సైప్రస్‌లో ట్రోడోస్ కొండల్లో అమియాండోస్ అనే ఊరే ఉంది. అక్కడి గని 1988 దాకా నడిచింది. ఫ్రెంచివాళ్లు, స్పెయిన్‌వాళ్లు, ఇటలీవాళ్లు ఈ రాయిని ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు.

పేరు మారిపోయింది రోమన్ రచయిత ప్లినీ దగ్గర. ఆయన కూడా మొదటి శతాబ్దం వాడే. కాలని బట్టకు గ్రీకులు పెట్టిన పేరు ‘ఆస్బెస్టినాన్’ అని తన విజ్ఞాన గ్రంథంలో రాసుకున్నాడు. అదే గ్రంథంలో ఇంకోచోట ఆర్కేడియా కొండల్లో ఇనుము రంగులో దొరికే మరో రాయిని ‘ఆస్బెస్టాస్’ అన్నాడు. మూడోచోట ‘అమియాంటస్’ అనే రాయి నిప్పులో ఏమీ నష్టపోదన్నాడు. తర్వాతివాళ్లు ఈ మూడింటినీ కలిపేశారు. ఐదో శతాబ్దంలో సెయింట్ అగస్టీన్, ఆర్కేడియా రాయి ఒకసారి అంటుకుంటే ఇక ఆరదని రాశాడు. మధ్యయుగపు రత్నశాస్త్ర గ్రంథాల్లోనూ ఆ మాటే పాకింది. చివరికి సున్నం పేరు, కథల్లోని ఆరని రాయి పేరు, నిజంగా ఉన్న కాలని నార మీద స్థిరపడ్డాయి.

ఈ కలగాపులగం జరగడానికి ఒక ఊతం కూడా ఉంది. దీపపు వత్తి. రెండో శతాబ్దపు యాత్రికుడు పాసానియాస్ ఏథెన్స్ గుడిలో బంగారు దీపాన్ని చూశాడు. కాలిమాకస్ అనే శిల్పి చేసిన ఆ దీపంలో ఏడాదికి ఒకసారే నూనె పోస్తారని, పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంటుందని, దాని వత్తి నిప్పుకు కాలని నారతో చేసిందని రాశాడు. పత్తి వత్తి నూనెతో పాటు తానూ కాలి నుసి అయిపోతుంది, ఎగదోయకపోతే దీపం కొండెక్కుతుంది. రాతినార వత్తికి ఆ బాధ లేదు. నూనె ఉన్నంతసేపూ వెలుగుతుంది. వత్తి కాలదు, అందుకే దీపం ఆరదు. ఆ ఒక్క వస్తువులోనే రెండు అర్థాలూ నిజంగా కలుస్తాయి.

ప్లినీ మాటల్లో మనకు పట్టాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. ఈ నార ఎక్కడ దొరుకుతుందని ఆయన అనుకున్నాడు? భారతదేశంలో! వానలు పడని ఎడారుల్లో, భయంకరమైన పాముల మధ్య, ఎండకు మాడుతూ పెరిగిన మొక్క నుంచి వస్తుందని, అలా పెరిగింది కాబట్టే నిప్పుకు ఓర్చుకోగలదని ఆయన నమ్మాడు. రాజుల శవాలను ఈ బట్టలో చుట్టి దహనం చేస్తే వాళ్ల బూడిద చితి బూడిదతో కలవకుండా విడిగా ఉంటుందనీ రాశాడు. హిరోక్లీస్ అనే గ్రీకు రచయిత అయితే భారతదేశపు బ్రాహ్మణులు రాతి నుంచి తీసిన నారతో నేసిన బట్టలు కడతారన్నాడు. ఎడారి మొక్క మాట నిజం కాదు, ఇది మొక్క నుంచి వచ్చేది కాదు. కానీ నిప్పుతో ఉతికే బట్ట అనే ఊహ మన దగ్గరా ఉంది. శరన్నవరాత్రుల్లో పారాయణ చేసే దేవీ మాహాత్మ్యంలో, చండముండులు శుంభుడి దగ్గర ఉన్న నిధులన్నీ ఏకరువు పెట్టేటప్పుడు, అగ్నిదేవుడు ఇచ్చిన జత వస్త్రాల ప్రస్తావన వస్తుంది. వాటికి అక్కడ వాడిన విశేషణం ‘అగ్నిశౌచ’, నిప్పుతో శుద్ధి అయ్యేవి. చీనావాళ్లు తమ భాషలో దీన్ని పిలిచిన పేరుకు అర్థం కూడా నిప్పుతో ఉతికే బట్ట అనే.

చీనాలో దీని మీద ఒక రాజు ఇబ్బందిలో పడ్డాడు. మూడో శతాబ్దంలో వెయ్ రాజ్యాన్ని ఏలిన త్సావ్ పీ గొప్ప సాహితీవేత్త. నిప్పు స్వభావం కాల్చడం, దానిలో నిలిచే బట్ట ఉండడం అసాధ్యం అని తన గ్రంథంలో తేల్చిచెప్పాడు. ఆయన పోయాక కొడుకు ఆ గ్రంథాన్ని శిలల మీద చెక్కించి నిలబెట్టాడు. 239 ప్రాంతంలో పశ్చిమ దేశాల దూతలు అలాంటి బట్టనే కానుకగా తెచ్చారు. చూసినవాళ్ల ముందు చేసేదేమీ లేక శిల మీది ఆ భాగాన్ని చెరిపేశారు. వెయ్యేళ్ల తర్వాత మార్కో పోలో కాలానికి యూరప్‌లో ఇంకో నమ్మకం ప్రబలి ఉంది: నిప్పులో బతికే సాలమాండర్ అనే జంతువు ఉన్ని ఇదని. మార్కో పోలో దాన్ని కొట్టిపారేశాడు. ఇది కొండలో తవ్వే ఖనిజమని, దంచి కడిగితే ఉన్ని లాంటి పోగులు మిగులుతాయని, వాటిని వడికి నేస్తారని, నేసిన బట్ట నిప్పులో వేస్తే తెల్లబడుతుందని వివరంగా రాశాడు. పాముల మధ్య పెరిగే మొక్క కాదు, జంతువు ఉన్ని కాదు, రాయి అని సూటిగా చెప్పినవాడు ఆయన.

ఇక జహీరాబాద్‌కు తిరిగి వద్దాం. ఇది నాలుగు భాషలు కలిసే చోటు. తెలుగు, ఉర్దూ, కన్నడం ఇక్కడ బజారు భాషలే, మరాఠీ కూడా దూరం కాదు. గంటలోపు ప్రయాణిస్తే బీదర్. అక్కడి కన్నడంలో ఈ రాయిని ‘కల్నారు’ అంటారు. తమిళంలో ‘కల్‌నార్’. తెలుగులో రాతినార. మూడూ ఒకటే మాట: రాయి, నార. హిందీలో మాత్రం ‘అదహ్’, దహించనిది అని. ఫారసీలో కాలని పత్తి అని అర్థం వచ్చేట్టు ‘పంబ-ఎ-నసూజ్’ అంటారు. గమనించండి. గ్రీకు, హిందీ, ఫారసీ పేర్లు నిప్పును పట్టుకున్నాయి. నిప్పుతో ఈ రాయికి ఉన్న సంబంధమే వాటికి ముఖ్యం. దక్షిణాది పేర్లు నిప్పు ఊసే ఎత్తవు. రాయే కానీ నారలా పోగులు పోగులుగా విడిపోతుంది అని మాత్రం చెబుతాయి. రాతినార అనే మాటకే నా ఓటు. భాషాభిమానంతో అనడం లేదు. ఈ రాయి ఎందుకు పనికొచ్చిందో, ఎందుకు చంపిందో రెండూ ఆ నారలోనే ఉన్నాయి.

అసలు రాయి నార ఎలా అవుతుంది? ఆస్బెస్టాస్ అనేది ఒకే ఖనిజం పేరు కాదు. పోగులుగా విడిపోయే ఆరు ఖనిజాలను కలిపి పిలిచే వాడుక పేరు. వాటిలో మన రేకుల్లోకి వచ్చేది తెల్ల ఆస్బెస్టాస్, శాస్త్రంలో క్రిసోటైల్. అదీ గ్రీకే, బంగారు పోగు అని. మెగ్నీషియం, సిలికాన్, ఆక్సిజన్, కొంచెం నీటి అంశం కలిసి అవుతుంది. ఇవే మూలకాలు వేరే పాళ్లలో కలిస్తే వచ్చేది బలపపు రాయి. ఆంధ్ర ఇళ్లలో పులుసు కాచే రాచ్చిప్పను ఆ రాతితోనే తొలుస్తారు. నిప్పుకు ఓర్చుకునే గుణం ఈ దాయాదులు ఇద్దరికీ ఉంది, కానీ బలపం పొడి అవుతుంది, క్రిసోటైల్ పోగవుతుంది. కారణం దాని లోపలి కట్టడం. క్రిసోటైల్‌లో అణువుల పొరలు రెండు అతుక్కుని ఉంటాయి, సిలికా పొర ఒకటి, మెగ్నీషియా పొర ఒకటి. రెండో పొర కొంచెం వెడల్పు. రెండూ సరిగ్గా సరిపోక, ఆ జంట పొర చాప చుట్టుకున్నట్టు తనంతట తాను చుట్టుకుంటుంది. అలా ఏర్పడిన గొట్టం లాంటి పోగు తల వెంట్రుకలో వెయ్యో వంతు మందం కూడా ఉండదు. కంటికి కనిపించే ఒక పోచ అంటే అలాంటి పోగులు వేల కొద్దీ కలిసిన కట్ట. నలిపినప్పుడల్లా ఆ కట్ట నిలువునా చీలి ఇంకా సన్నం అవుతుంది, అడ్డంగా విరిగి పొట్టి కాదు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

తెలుగు నేల మీద ఈ నార పుట్టిన చోటు కడప జిల్లా పులివెందుల ప్రాంతం. బ్రాహ్మణపల్లె పేరు భూగర్భ శాస్త్ర పుస్తకాల్లో దీని కోసమే కనిపిస్తుంది. అక్కడి వేంపల్లె డోలమైట్ రాతిలో మెగ్నీషియం దండిగా ఉంది. సుమారు 190 కోట్ల ఏళ్ల కిందట భూమి లోపలి నుంచి కరిగిన నల్లరాయి ఆ పొరల మధ్యకు చొచ్చుకొచ్చింది. ఆ వేడి, దానితో వచ్చిన సిలికా, వేడినీళ్లు కలిసి డోలమైట్ అంచును మార్చేశాయి. ఆకుపచ్చటి సర్పెంటైన్ రాయి ఏర్పడి, దాని పగుళ్లలో క్రిసోటైల్ పోగులు గోడకు అడ్డంగా, దువ్విన జుట్టులా నిలిచాయి. అంటే నిప్పుకు లొంగని ఈ రాయి నిప్పు, నీరు కలిసి చేసిందే. అదే వేంపల్లె రాతిలో, అక్కడికి దగ్గర్లోనే, తుమ్మలపల్లె యురేనియం దొరికింది. కేంద్ర ప్రభుత్వం 1986లో ఆస్బెస్టాస్ తవ్వకాలకు కొత్త లీజులు ఇవ్వడం ఆపేసింది. అప్పటి నుంచి మన రేకుల్లోకి వచ్చే నార ప్రధానంగా రష్యా, కజకిస్థాన్, బ్రెజిల్ లాంటి దేశాల నుంచి ఓడల్లో వచ్చేదే. ప్రపంచంలో దీన్ని అందరికంటే ఎక్కువ దిగుమతి చేసుకుంటున్న దేశం మనదే.

రాతినారను ఇంటి కప్పుగా మార్చినవాడు లుడ్‌విగ్ హాట్షెక్ అనే ఆస్ట్రియా దేశస్థుడు. అంతకుముందు ఈ నారను ఆవిరి యంత్రాల గొట్టాలకు చుట్టడానికి, నాటకశాలల తెరలకు, అగ్నిమాపక దుస్తులకు వాడేవారు. అవన్నీ నిప్పును, వేడిని తట్టుకోవడం కోసం చేసిన వాడకాలే. హాట్షెక్ ఆలోచన వేరు. అట్ట తయారుచేసే యంత్రాన్ని తీసుకుని, కాగితపు గుజ్జు బదులు నార కలిపిన సిమెంటు నీళ్లు పోశాడు. తిరిగే జల్లెడ మీద నీళ్లు కిందికి కారిపోతే పలచటి పొర నిలుస్తుంది. పొర మీద పొర చుడితే రేకు అవుతుంది. మామూలు సిమెంటు అయితే నీళ్లతో పాటు జల్లెడ కన్నాల్లోంచి జారిపోతుంది. రాతినార పోగులు ఆ రేణువులను పట్టి ఆపుతాయి. ఎండిన తర్వాత ఇంకో మేలు చేస్తాయి: సిమెంటు బరువును మోస్తుంది కానీ వంచితే పగులుతుంది, ఆ లాగుడును పోగులు భరిస్తాయి. 6 మిల్లీమీటర్ల మందంలో రేకు నిలవగలగడం వాటి పుణ్యమే. రేకులో నార పాలు సుమారు పదో వంతు, మిగిలింది సిమెంటు, బూడిద లాంటివి. 1901లో పేటెంటు పొంది దానికి హాట్షెక్ పెట్టిన పేరు ‘ఎటర్నిట్’, శాశ్వతమైనది అనే లాటిన్ మాట నుంచి తీసినది.

మన దగ్గర ఇది నిజాం కాలంలోనే అడుగుపెట్టింది. 1946లో హైదరాబాద్ ఆస్బెస్టాస్ సిమెంట్ ప్రొడక్ట్స్ కంపెనీ ఏర్పడింది, సనత్‌నగర్‌లో ఫ్యాక్టరీ నడిచింది. దాని చార్మినార్ రేకులు ఎంత వ్యాపించాయంటే చాలా ఊళ్లలో సిమెంటు రేకు అంటే ఆ పేరే గుర్తొచ్చేది. తర్వాత పటాన్‌చెరు వైపు కూడా ఈ రేకుల తయారీ వచ్చింది. జహీరాబాద్ ఈ తోవ మీదే ఉంది. ఏటా గడ్డి మార్చాల్సిన గుడిసె, వానకు కారే మట్టి మిద్దె, కోతులు దొర్లించే గూనపెంకు వీటన్నిటి పక్కన రేకు చవక, తేలిక, తుప్పు పట్టదు, చెదలు పట్టవు. పేదవాడు దీన్ని ఎంచుకోవడంలో తప్పేమీ లేదు. వాడి చేతికి అందినంతలో అదే మంచి కప్పు.

వేడికి తట్టుకునే రాయి కదా, మరి రేకుల ఇంట్లో ఎండాకాలం ఎందుకు ఉడికిపోతాం? చాలామందికి వచ్చే అనుమానం ఇది. ఇదీ పేరులోని పొరపాటు లాంటిదే. కాలకపోవడం వేరు, వేడిని ఆపడం వేరు. రాతినార నిప్పులో మాడదు. దాన్ని మందంగా పరిచి, మధ్యలో గాలి నిలిచేట్టు చేస్తే వేడిని అడ్డుకుంటుంది, ఆవిరి గొట్టాలకు చుట్టింది అలాగే. కానీ రేకులో ఆ నార సిమెంటులో బిగుసుకుపోయి ఉంది. 6 మిల్లీమీటర్ల సిమెంటు పలక ఎండలో కాగి ఆ వేడిని కిందికి వదులుతుంది. అక్కడ నార ఉన్నది బలం కోసం, చలువ కోసం కాదు. పైన తెల్ల సున్నమో, వేడిని వెనక్కి కొట్టే తెల్ల రంగో వేస్తే లోపల వేడి తగ్గుతుంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన కూల్ రూఫ్ విధానం వెనక ఉన్న సూత్రం ఇదే. అయితే రంగు వేసేముందు రేకును పొడిగా, ఇనుప బ్రష్‌తో గీకకూడదు. ఎందుకో ఇప్పుడు చెప్పాలి.

నార నిలువునా చీలుతుందని చెప్పాను కదా. రేకును కోసినా, రంధ్రం పెట్టినా, పగలగొట్టినా లేచే దుమ్ములో కంటికి కనపడని పోగులు ఉంటాయి. అవి గాలిలో గంటల కొద్దీ తేలుతాయి, ఊపిరితో పాటు ఊపిరితిత్తుల చివరి గదుల దాకా పోతాయి. శరీరం తనలోకి వచ్చిన దుమ్మును మింగి కరిగించే కణాలను పంపుతుంది. ఆ కణం కంటే పోగు పొడుగు. మింగలేక, వదల్లేక ఆ కణమే చస్తుంది. అక్కడ వాపు వస్తుంది, మచ్చ పడుతుంది, ఏళ్ల తరబడి ఊపిరితిత్తి గట్టిపడుతుంది. 1924లో ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో నెల్లీ కెర్షా అనే మిల్లు కార్మికురాలు 33 ఏళ్లకే చనిపోతే, డాక్టర్ కుక్ ఆమె ఊపిరితిత్తుల్లో ఖనిజపు ముక్కలు చూసి వైద్య పత్రికలో రాశాడు. 1927లో ఆ జబ్బుకు ఆస్బెస్టాసిస్ అనే పేరు స్థిరపడింది. 1960లో దక్షిణాఫ్రికాలో వాగ్నర్, ఆయన సహచరులు ఇంకో భయంకరమైన సంగతి బయటపెట్టారు. ఊపిరితిత్తుల పై పొరకు వచ్చే మీసోథీలియోమా అనే అరుదైన క్యాన్సర్ ఈ గనుల ప్రాంతం వాళ్లకే వస్తోందని. గనిలో పనిచేయని వాళ్లు, ఆ పరిసరాల్లో పెరిగిన వాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. పని బట్టలు ఉతికిన భార్యలకు ఈ జబ్బు వచ్చిన సందర్భాలు ఆ తర్వాత చాలా దేశాల్లో కనిపించాయి.

దీనిలో అతి క్రూరమైన విషయం కాలం. పోగు లోపలికి పోయిన రోజుకీ జబ్బు బయటపడే రోజుకీ మధ్య ఇరవై, ముప్పై, నలభై ఏళ్లు గడుస్తాయి. పద్దెనిమిదేళ్ల కుర్రాడు రేకులు కోస్తూ పీల్చిన దుమ్ము యాభై దాటాక ఆయాసంగా బయటపడితే, పల్లె ఆసుపత్రిలో దాన్ని టీబీ అనో బీడీల వల్ల అనో అనుకునే అవకాశం ఎక్కువ. పాత పనిని గుర్తుచేసి చెప్పేవాళ్లు ఉండరు. అందుకే సుప్రీంకోర్టు 1995 జనవరిలో, అహ్మదాబాద్ వినియోగదారుల సంస్థ వేసిన కేసులో, ఆస్బెస్టాస్ కార్మికుడి ఆరోగ్య రికార్డును పనిలో చేరినప్పటి నుంచి కనీసం 40 ఏళ్లు దాచాలని ఆదేశించింది. కార్మికుడి ఆరోగ్యం జీవించే హక్కులో భాగమని కూడా ఆ తీర్పు చెప్పింది. మంచి తీర్పే. కానీ అది ఫ్యాక్టరీ గేటు లోపలికి వర్తిస్తుంది. నిచ్చెన వేసుకుని మన ఇంటి మీదికెక్కి, రేకుకు బోల్టు కన్నాలు పెట్టే కూలీకి ఏ రికార్డూ లేదు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే అన్యాయం అనిపించేది అదే.

తయారీదారులు చెప్పే మాట కూడా వినాలి. తెల్ల ఆస్బెస్టాస్ మిగతా రకాలంత గట్టిది కాదు, ఊపిరితిత్తుల్లో త్వరగా కరుగుతుంది, సిమెంటులో బిగిసి ఉంటే బయటికి రాదు అంటారు. మొదటి రెండు మాటల్లో నిజం ఉంది. నీలి రకం దీనికంటే ప్రమాదకరం. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ తెల్లదానితో సహా అన్ని రకాలనూ మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలోనే పెట్టింది. బిగిసి ఉన్నంతకాలం బయటికి రాదన్నది కూడా నిజమే. కానీ ఏ రేకూ ఎప్పటికీ బిగిసి ఉండదు. దాన్ని కోస్తారు, బిగిస్తారు, గాలివానకు పగులుతుంది, పాతబడి పైపొర రాలుతుంది, చివరికి ఎవరో విప్పి పడేస్తారు. 60కి పైగా దేశాలు దీన్ని నిషేధించాయి. యూరోపియన్ యూనియన్ 2005లో, కెనడా 2018లో, అమెరికా 2024లో ఆ పని చేశాయి. కెనడాలో క్విబెక్ రాష్ట్రంలో పెద్ద గని ఉండిన ఊరి పేరే ఒకప్పుడు ఆస్బెస్టాస్. అక్కడి జనం 2020లో ఓటు వేసి ఊరి పేరు వాల్-డె-సూర్స్ అని మార్చుకున్నారు. మన సుప్రీంకోర్టు 2011లో పూర్తి నిషేధం కోరిన పిటిషన్‌ను ఒప్పుకోలేదు. కాబట్టి రేకులు అమ్మడం, కొనడం మన దగ్గర చట్టబద్ధమే.

అలాంటప్పుడు జహీరాబాద్‌లో రేకుల ఇంట్లో ఉన్న కుటుంబం ఏం చేయాలి? భయపడి రేపే రేకులు పీకేయడం మాత్రం వద్దు. పగుళ్లు లేని రేకు తల మీద ఉన్నంత మాత్రాన పెద్ద ప్రమాదం లేదు, పీకేటప్పుడే దుమ్ము ఎక్కువ. కరెంటు కటింగ్ మిషన్‌తో పొడిగా కోయడం అన్నిటికంటే చెడ్డది. కోయక తప్పకపోతే నీళ్లు పోస్తూ చేతి రంపంతో, ఆరుబయట, పిల్లల్ని దూరంగా ఉంచి కోయాలి. ముక్కుకు కండువా కట్టుకుంటే ఈ పోగులు ఆగవు, సన్నటి దుమ్మును ఆపే మాస్కు కావాలి. పాత రేకులు దించాల్సి వస్తే ముందు తడపాలి, బోల్టులు విప్పి రేకును సాంతంగా దించాలి, సుత్తితో కొట్టి కిందికి తోయకూడదు. రాలిన దుమ్మును చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవాలి. ఆ రోజు కట్టుకున్న బట్టలు ఇంట్లో మిగతా బట్టలతో కలపకూడదు. పగిలిన ముక్కలను బురద దారిలో పరచడం, కొట్టంలో నేల గట్టిపడటానికి వేయడం మన పల్లెల్లో అలవాటు. బండ్లు తొక్కి అవి పొడి అయితే ఆ వీధి పిల్లలే పీలుస్తారు. వాటిని తడిపి, మందపాటి ప్లాస్టిక్‌లో చుట్టి, మున్సిపాలిటీ వాళ్లకు ఏమిటో చెప్పి అప్పగించాలి. పాత నీళ్ల లైన్లలో వేసిన ఏసీ పైపులు కోసే మనుషులకు కూడా ఇవే జాగ్రత్తలు.

కొత్తగా కప్పు వేసుకునేవాళ్లకు వేరే దారులున్నాయి. జింకు, అల్యూమినియం పూత వేసిన ఉక్కు రేకులున్నాయి. చూడటానికి అచ్చం సిమెంటు రేకులానే ఉండి, రాతినార బదులు కృత్రిమ నార కలిపినవీ ఇప్పుడు మన కంపెనీలే చేస్తున్నాయి. రెండూ పక్కపక్కన పెడితే కంటితో తేడా తెలియదు. దుకాణంలో అడగాల్సింది ఒకటే: ఇందులో ఏ నార వేశారు? జవాబు కంపెనీ కాగితం మీద చూపించమని అడగండి.